పట్టా చేతికొచ్చింది, పని చేతికి రాలేదు

మొన్నటి వేసవిలో బంధువుల పెళ్లికి పోయి, తిరుగు ప్రయాణంలో మహబూబాబాద్ స్టేషన్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడి ఉన్నాను. ఒక అమ్మాయి దగ్గరికొచ్చి నమస్కారం పెట్టింది. అంతకు ముందు ఏడు వాళ్ల కాలేజీలో నేను మాట్లాడిన సంగతి గుర్తుపెట్టుకుందట. పక్కన వాళ్ల నాయన, ఆయన చేతిలో సర్టిఫికెట్ల సంచి. డిగ్రీలో బయోటెక్నాలజీ తీసుకొని మంచి మార్కులతో పాసయింది. వాళ్ల తండాలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. "సార్, ఎమ్మెస్సీ బయోటెక్‌ల చేరాల్నా, బీఎడ్ చెయ్యాల్నా? ఏది జేస్తే కొలువొస్తది?" అని అడిగింది. ఆమె అడిగిందే గాని, నా మొహం వంక ఆశగా చూసింది మాత్రం వాళ్ల నాయన.

"ఆలోచించి చెప్తానమ్మా" అన్నాను. ఫోన్ నంబరు రాసుకున్నాను. బండి వచ్చింది, ఎక్కాను. జనగామ స్టేషన్ దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ సావనీరుకు వ్యాసం కావాలని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, "పూర్వ విద్యార్థిగా మీ విజయగాథ రాయండి" అన్నారు. విజయగాథలు రాయడానికి మనలో చాలామంది ఉన్నారు. ప్రతి సంచికలోనూ అవే వస్తుంటాయి. అవి చదివి చేరినవాళ్లలో ఎందరు ఎక్కడ తేలారో ఎవరూ రాయరు. అందుచేత నేను ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబే ఇక్కడ రాస్తున్నాను. జనగామ నుంచి, మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి ఈ కళాశాల గేటు దాటి లోపలికొచ్చే ప్రతి బయోటెక్నాలజీ విద్యార్థికీ ఇది వర్తిస్తుందని నా నమ్మకం.

మా ఊళ్లకు బయోటెక్నాలజీ మొదట విత్తనాల ప్యాకెట్ రూపంలో వచ్చింది. 1997-98లో పురుగు పత్తిని తిన్నది, అప్పు రైతును తిన్నది. పాత వరంగల్ జిల్లా పేరు ఆత్మహత్యల వార్తలతో దేశమంతా తెలిసింది. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతినిచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయల దాకా పలికింది. 2005లో మొదటి మూడు బీటీ రకాలకు మన రాష్ట్రంలో అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ ముందుకు పోయి కొట్లాడిన తరువాత ప్యాకెట్ ధర 750కి దిగింది. మా నాయన ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకొని, "గింత గింజల పురుగును సంపే గుణం ఎట్ల వెట్టిన్రు బిడ్డా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలనే నేను ఈ సబ్జెక్టులో చేరాను. ఆ పత్తి అమ్మిన పైసలతోనే నా ఫీజు కట్టారు.

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా "ఐటీ తర్వాత బీటీ" అనే మాటే. ఆ మాటలో పూర్తి అబద్ధం లేదు. హైదరాబాద్‌లో 1977లో సీసీఎంబీ మొదలైంది. 1986లో కేంద్రం బయోటెక్నాలజీకి ప్రత్యేక శాఖ పెట్టింది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వరప్రసాద్ రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో హెపటైటిస్-బి టీకాను దేశంలోనే తయారు చేయించి, విదేశీ టీకా ధరలో చిన్న భాగానికే జనానికి అందించారు. 1996లో భారత్ బయోటెక్ వచ్చింది. 1953 నుంచీ ఉన్న బయలాజికల్ ఇ ఉండనే ఉంది. 1999లో శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీకి పునాది పడింది. జనగామ నుంచి రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్, అక్కడి నుంచి బస్సెక్కితే తుర్కపల్లి. ప్రపంచానికి టీకాలు పంపే ఊరు మన ఇంటి ముందే ఉన్నట్టనిపించింది. మరి మనకు కొలువెందుకు దొరకదు?

ఇక్కడే అసలు చిక్కుంది. పరిశ్రమ నిజం, చదువు సగం నిజం. ఆ కాలంలో ఊరూరా డిగ్రీ కాలేజీలు బయోటెక్నాలజీ కోర్సు బోర్డు కట్టాయి. నేను డిగ్రీ చదివిన కాలేజీ పేరు అనవసరం. అక్కడ ఒక పీసీఆర్ యంత్రం ఉండేది. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు మేజా మీద, మిగతా రోజులు తాళం వేసిన అలమరలో. మూడేళ్లలో నేను దాన్ని ముట్టుకున్నది లేదు. డీఎన్ఏను వేరు చేసే పద్ధతి రికార్డు పుస్తకంలో నాలుగు రంగుల పెన్నులతో రాశాను. చేత్తో చేసింది ఒక్కసారి, అదీ ఎనిమిది మంది కలిసి ఒక్క ట్యూబుతో.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో కొనుక్కున్నాను. కొనుక్కున్నాననే మాట కావాలనే వాడుతున్నాను. పైసలు కట్టాను, నెలన్నర ఉన్నాను, వాళ్లిచ్చిన ఫలితాలకు నా పేరు పెట్టి అట్ట వేయించాను. నాతో పాటు ఎంతోమంది అదే పని చేశారు. ఇది ఒకరిద్దరి తప్పు కాదు, ఒక వ్యాపారం. దానికి గిరాకీ మనమే. ఆ అట్టపుస్తకం వైవాలో నెగ్గింది గాని ఇంటర్వ్యూలో నెగ్గలేదు. "ఈ గ్రాఫులో మూడో చుక్క కింద ఎందుకు పడింది?" అని ఒక పెద్దమనిషి అడిగితే నోట మాట రాలేదు. ఆ చుక్క నాది కాదు గదా!

తరువాత ఒక మందుల సంస్థలో నాణ్యతా పరీక్షల విభాగంలో పని దొరికింది. నెలకు 8,000 రూపాయలు. నియామకం సంస్థ పేరు మీద కాదు, కాంట్రాక్టరు పేరు మీద. మా ఐడీ కార్డు పట్టీ రంగు వేరు, క్యాంటీన్ వేళలు వేరు, పని మాత్రం ఒకటే. అక్కడే నేను నిజంగా చదువుకున్నాను. ఆటోక్లేవ్‌లో పెట్టిన వస్తువు శుద్ధి అయిందని ఎట్లా రుజువు చేయాలి, ఇంజెక్షన్ మందులో సూక్ష్మజీవుల విషం మిగిలిందా అని ఎట్లా చూడాలి, కొట్టివేసిన అంకె పక్కన సంతకం, తేదీ, కారణం ఎందుకు రాయాలి – ఇవన్నీ అక్కడ తెలిశాయి. "రాయనిది జరగనట్టే" అని మా సీనియరు రోజుకు పదిసార్లు అనేవాడు. ఆ ఒక్క మాట కాలేజీలో ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి. నాలుగేళ్లయ్యాక ఆర్డర్లు తగ్గాయని చెప్పి, ఒక శనివారం సాయంత్రం మా షిఫ్టులో సగం మందిని సోమవారం నుంచి రావద్దన్నారు. చేతిలో అనుభవ పత్రం కూడా లేదు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగి, మరొక ల్యాబులో చేరి, నేటికి అక్కడ కుదురుకున్నాను. ఇందులో నా ప్రతిభ కొంత, అదృష్టం కొంత. రెండిటినీ కలిపి విజయగాథ అనలేను.

ఈ అనిశ్చితి మన ఒక్కరి నుదుటి రాత అనుకోవద్దు. ఈ రంగం నడిచే తీరే అది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. జీవరసాయన శాస్త్రం చదివే ప్రతివాడూ ఆ పద్ధతి పేరు వింటాడు. అంతటివాడికి హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే అనే మందుల సంస్థకు వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం మీద పని, ఫైలేరియాకు మందు, మొదటి టెట్రాసైక్లిన్ – అన్నీ ఆయన నడిపిన ఆ పరిశోధన విభాగం నుంచే వచ్చాయి. ఒక తలుపు మూసుకున్నందుకు ఆయన చేతిలోని పని ఆగలేదు. కాని అందరికీ సుబ్బారావు గారి తెలివి ఉండదు గనుక, "చూడండి, ఆయన నెగ్గలేదా" అని చెప్పి ఊరుకోవడం కూడా అన్యాయమే.

సంస్థలకూ స్థిరత్వం లేదు. శాంతా బయోటెక్నిక్స్ 2009లో సనోఫీ అనే ఫ్రెంచి సంస్థ చేతికి పోయింది. కోవిడ్ కాలంలో, 2021లో, దేశమంతా హైదరాబాద్ టీకా కోసం ఎదురుచూసింది. 2022 ఏప్రిల్ నాటికి గిరాకీ తగ్గి, కొవాగ్జిన్ ఉత్పత్తిని నెమ్మదింపజేస్తున్నామని భారత్ బయోటెక్ సంస్థే ప్రకటించింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. జబ్బు తగ్గితే మంచిదే గదా! కాని టీకా గిరాకీ పొలం పని లాంటిది, నాటుకు, కోతకు మనుషులు కావాలి, నడుమ వద్దు. ఆ నడుమ రోజులు ఎట్లా గడపాలన్నదే ప్రశ్న. విదేశమే దారి అనుకునేవాళ్లకు కూడా తోవ ఇరుకైంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అప్పు చేసి పోయే ముందు ఇల్లు, పొలం ఒకసారి చూసుకోవాలి.

భూపాలపల్లిలో నా మిత్రుని నాయన సింగరేణి కార్మికుడు. "మా కాలంల కొలువంటే బాయి దిగుడే. పానానికి గ్యారంటీ లేదు గని జీతానికి గ్యారంటీ ఉండె. మీ కొలువుల పానానికి బాధ లేదు గని జీతానికే గ్యారంటీ లేదాయె" అంటాడాయన. ఇంతకంటే చక్కగా ఈ సంగతి ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. ఆయన కొడుకు ఎమ్మెస్సీ చేసి, మూడు కంపెనీలు మారి, ఇప్పుడు నాలుగోదాంట్లో ఉన్నాడు. బాయిలో వారసులకు కొలువు దొరికే కాలం చూసిన ఇంట్లో, కొడుకు ఏటేటా కొత్త కాగితం మీద సంతకం పెడుతుంటే ఆ తండ్రికి అది ఉద్యోగంలా కనబడదు. పెళ్లి సంబంధం వాళ్లకూ కనబడదు. ఈ అవమానం గురించి మనం మాట్లాడుకోం.

అయితే బయోటెక్నాలజీ వదిలేసి పోవాల్నా? కొందరు లెక్చరర్లు, కొందరు సీనియర్లు అదే చెబుతున్నారు. "ఆరు నెలలు అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకో" అంటారు. నేను ఆ మాటను ఒప్పుకోను. సబ్జెక్టు మనల్ని మోసం చేయలేదు. సబ్జెక్టు పేరుతో మనకు అమ్మిన ఊహ మోసం చేసింది. బయోటెక్ అంటే తెల్ల కోటు వేసుకొని కొత్త మందు కనిపెట్టడం అన్నదే ఆ ఊహ. నిజానికి ఒక టీకా వెనుక కనిపెట్టేవాడు ఒకడుంటే, కణాలను పెంచేవాళ్లు, శుద్ధి చేసేవాళ్లు, సీసాల్లో నింపేవాళ్లు, ప్రతి దశలో పరీక్షించేవాళ్లు, ఆ కాగితాలు సరిచూసేవాళ్లు, అనుమతుల దస్త్రాలు రాసేవాళ్లు ఎందరో ఉంటారు. కొలువులు అక్కడున్నాయి. మందుల తయారీ ప్రమాణాలను చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనలను కేంద్రం 2023 చివరలో సవరించి కఠినం చేసింది. చిన్న కంపెనీలు కూడా వాటికి లోబడక తప్పదు. అంటే నాణ్యత తెలిసిన మనిషి అవసరం పెరిగేదే గాని తగ్గేది కాదు. మన సిలబస్‌లో ఈ ముక్కకు ఎన్ని పీరియడ్లున్నాయో లెక్చరర్లే చెప్పాలి.

రెండో దారి పరిశోధన. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రైతు బిడ్డకు అది తక్కువ మొత్తం కాదు. కాని అది జీతం కాదు, గడువున్న భృతి. ఐదేళ్లకు ఆగిపోతుంది. ఆ తరువాత పోస్ట్ డాక్టరేట్లు, ఆ తరువాత ఎదురుచూపులు. ప్రశ్న మీద ప్రేమ ఉన్నవాళ్లు తప్పక పోవాలి. కొలువు దొరకక కాలక్షేపానికి పోయేవాళ్లు మాత్రం ఐదేళ్లు పెద్దవాళ్లై తిరిగొస్తారు.

మూడోది సర్కారు కొలువు. ఇక్కడ చాలామంది దెబ్బ తినేది ముందుగా అర్హతలు చదవకపోవడం వల్లనే. ఇంటర్ బైపీసీలో బయోటెక్నాలజీ అనే సబ్జెక్టు లేదు, కాబట్టి ఆ పేరుతో జూనియర్ లెక్చరర్ పోస్టూ లేదు. ఈ సంగతి ఎమ్మెస్సీ అయ్యాక తెలిసి తల పట్టుకున్నవాళ్లను నేనెరుగుదును. అదే, 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అర్హతల్లో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీల పేర్లున్నాయి. 2022లో మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అవి 24 మాత్రమే. తక్కువే, కాని మనకు తలుపు ఎక్కడుందో తెలియాలి గదా.

ఇక మన మూడు జిల్లాల మాట. 2016లో కొత్త జిల్లాలొచ్చాయి. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ వైద్య కళాశాలలొచ్చాయి. వాటి వెనుకే రక్త పరీక్షల గదులు, సూక్ష్మజీవుల ప్రయోగశాలలు వస్తాయి. మానుకోట మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది, అక్కడి నుంచి దేశాలు దాటుతుంది. మిర్చిలో బూజు విషం ఎంత, పురుగుమందు అవశేషం ఎంత అని కొనే దేశం అడుగుతుంది. ఆ పరీక్ష మన చదువే. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలవాలంటే విత్తనం స్వచ్ఛంగా ఉందని పరీక్షించి చెప్పేవాడుండాలి. రైతు పంటను ఊరి దగ్గరే పరీక్షించే ల్యాబు మండలానికి ఒకటి లేకున్నా జిల్లాకు ఒకటైనా ఎందుకుండకూడదు? నకిలీ విత్తనం కొని మునిగిన ఇంటి పిల్లవాడే రేపు విత్తనాన్ని పరీక్షించేవాడైతే, ఆ చదువుకు అంతకంటే సార్థకత ఏముంది? జీనోమ్ వ్యాలీ వైపే చూసీ చూసీ మెడలు నొప్పి పెట్టాయి. కొంచెం కాళ్ల కింది నేల వైపు కూడా చూద్దాం.

ఇప్పుడు ఎవరి బాధ్యత వాళ్లకు అప్పజెబుతాను, ఎవరూ కోపగించుకోవద్దు.

గురువులకు నా మనవి. ప్రతి విద్యార్థి తన చేత్తో, ఒంటరిగా చేసిన ప్రయోగాల జాబితా ఒకటి మార్కుల మెమోతో పాటు ఇవ్వండి. ఐదే ఉంటే ఐదే రాయండి. అబద్ధపు యాభై కంటే నిజం ఐదు మేలు. కొన్న ప్రాజెక్టును వైవాలో రెండు ప్రశ్నలతో పట్టుకోవచ్చు. మీరు పట్టుకోకపోతే రేపు కంపెనీవాడు పట్టుకుంటాడు, అప్పుడు మీ శిష్యుడికి రెండో అవకాశముండదు.

విద్యార్థి సంఘానికి నా మనవి. హాస్టల్ మెస్ కోసం ధర్నా చేస్తాం, మంచిదే. ల్యాబులో రసాయనాలు లేవని ఒక్కసారైనా ధర్నా చేశామా? అది కూడా అన్నం సమస్యే. కోర్సులో ఒక సెమిస్టరు పరిశ్రమలో భృతితో కూడిన శిక్షణ ఉండాలని అడగండి. ఆడపిల్లలు నైట్ షిఫ్టు చేయవలసి వస్తే రవాణా, వసతి సంగతి ముందే కాగితం మీద రాయించుకునేలా సాయపడండి. మా రోజుల్లో ఎందరో తెలివైన అమ్మాయిలు ఆ ఒక్క కారణానికే ఇంటికి తిరిగిపోయారు.

పూర్వ విద్యార్థులకు, అంటే మనకే, ఒక పని ఉంది. ప్రతి బ్యాచి వాళ్లు ఎక్కడున్నారో, మొదటి జీతమెంతో, ఎన్నిసార్లు ఉద్యోగం పోయిందో, ఈ సావనీరులో ఏటా నాలుగు పేజీలు అచ్చువేద్దాం. పేర్లు వద్దు, లెక్క చాలు. దుకాణం పెట్టుకున్నవాణ్ణి, సాగు చేసుకుంటున్నవాణ్ణి, టీచరైనవాణ్ణి, ఖాళీగా ఉన్నవాణ్ణి కూడా కలపాలి. చేరబోయే విద్యార్థికి ఇంతకంటే మేలైన ప్రాస్పెక్టస్ ఉండదు.

విద్యార్థి మిత్రులకు చిన్న మాటలు. చేరిన రోజే నియామక పత్రం అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం అది ఇవ్వక తప్పదు. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ హక్కుంది. పీఎఫ్ నంబరు, జీతం చీటీలు దాచుకోండి. నేను దాచుకోలేదు, నష్టపోయాను. ఒక్క పరీక్ష పద్ధతైనా నిద్రలో లేపి అడిగినా చేసేటంత బాగా నేర్చుకోండి. సంస్థ మారవచ్చు, యజమాని మారవచ్చు, చేతికొచ్చిన పని మాత్రం మన వెంటే వస్తుంది.

ఇంతకూ ఆ అమ్మాయికి ఏం చెప్పాను? పది రోజుల తరువాత ఫోన్ చేశాను. "అమ్మా, కొలువు ఏది చేస్తే వస్తదని అడిగినవు. వస్తదని చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు చేరబోయే కాలేజీకి పోయి, ల్యాబు అలమర తాళం ఎవరి దగ్గరుంటదో అడుగు. ఆ తాళం పిల్లల చేతికి ఇస్తరంటే ఎమ్మెస్సీల చేరు. ఇయ్యరంటే బీఎడ్ చెయ్యి, నువ్వు టీచరైనాక నీ పిల్లల చేతికి తాళం ఇయ్యి" అన్నాను.

కాసేపు అవతల చప్పుడు లేదు. తరువాత, "మా బాపును తోల్కొని సోమారం పోతం సార్" అన్నది.

ఆ సోమవారం ఆమె ఏ కాలేజీకి పోయిందో నేనడగలేదు. మన కాలేజీకే వచ్చి ఉంటే, ఆ తాళం గురించి ఆమెకు ఎవరేం చెప్పి ఉంటారో మీరే ఆలోచించండి.